చచ్చిన బాతును నీళ్లలో వదలొద్దు

వలస బాతులు దిగే కాలం వచ్చేసింది. కొల్లేరు చుట్టూ జిరాయితీ పొలాల్లో, చేపల చెరువుల్లో, కోసిన చేలల్లో సూదితోక బాతులు, చెంచామూతి బాతులు వాలతాయి. సొంత భూమిలో నీళ్లు నిలిపి వాటికి చోటిచ్చే రైతుకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ నీళ్లలో ఒక్క పక్షి చచ్చి తేలినా ‘కుక్కలు లాక్కుపోతాయిలే’ అని ఊరుకోవద్దు.

2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పునీటి సరస్సులో వేలాది పక్షులు చచ్చిపోయాయి. లెక్క 18 వేలు దాటింది. బరేలీలోని భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ దీన్ని బొటులిజంగా తేల్చింది. అక్కడ విషం పెట్టిన మనిషి లేడు. బురదలో ఏళ్ల తరబడి నిద్రపోయే ఒక బాక్టీరియా గాలి ఆడని వెచ్చటి చోట, కుళ్లే మాంసం దొరికితే లేచి విషం పుట్టిస్తుంది. కళేబరం మీద పట్టే పురుగులకు ఆ విషం ఎక్కదు, వాటి ఒంట్లో మాత్రం పేరుకుంటుంది. వాటిని తిన్న బాతుకు ముందు రెక్కలు, కాళ్లు పడిపోతాయి, తర్వాత మెడ వాలిపోతుంది. తల ఎత్తలేక నీళ్లలోనే మునిగి చస్తుంది. దాని మీద మళ్లీ పురుగులు! ఒక్క శవం పది శవాలయ్యేది ఇలాగే.

మన దగ్గర అసలు భయం చేపల పట్టుబడి అయ్యాకే. చెరువు తోడేశాక అడుగు బురదలో చిల్లర చేప కుళ్లుతూ ఉంటుంది, దాని మీదికే పక్షులు దిగుతాయి. ఆ చేపను వెంటనే ఏరించండి. పక్షులున్న మడిలో నీటిని ఒక్కసారిగా తీసేయడం, పెట్టేయడం మానండి.

చచ్చిన పక్షిని చేత్తో ముట్టొద్దు. బొటులిజమో, బర్డ్ ఫ్లూవో, గుళికల మందో కంటిచూపుతో చెప్పడం ఎవరి తరమూ కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలకు బర్డ్ ఫ్లూ తగిలిన సంగతి అప్పుడే మరిచిపోతే ఎలా? అదే రోజు పశువైద్యశాలకు, అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. వాళ్లు నమూనా తీసుకున్నాకే, వాళ్లు చెప్పినట్టు, నీటికి దూరంగా లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చాలి. అందాకా కుక్కల్ని, కోళ్లని అటు పోనివ్వొద్దు.

బాతుల మందలు తోలేవాళ్లూ వినాలి. పక్షులు చచ్చిన చేనులోకి మందను దించకండి. అప్పటికే దించి ఉంటే అక్కడే ఆపి డాక్టరును పిలవండి, పక్క ఊరికి తోలకండి.