మోకాలి నొప్పికి జాతి వుందా?

అమెరికాలో కీళ్ళవాతం నల్లవారికీ తెల్లవారికీ యించుమించు సమానంగానే వస్తోంది. బాధ మాత్రం సమానంగా లేదు. 2002లో అక్కడి ప్రభుత్వం జరిపిన సర్వేలో, కీళ్ళవాతం వున్న నల్లవారిలో నూటికి 34 మంది తీవ్రమైన నొప్పి వుందన్నారు. తెల్లవారిలో అలా అన్నది నూటికి 23 మందే. జబ్బు మూలంగా పని సాగడం లేదన్నవారు నల్లవారిలో నూటికి 40 మంది దాకా తేలితే, తెల్లవారిలో 28 మంది.

జబ్బు ఒకటే అయితే బాధ వేరెందుకయింది? పాలకవర్గాల దగ్గర దీనికో పాత జవాబు వుంది: అది వాళ్ళ జాతి లక్షణమట! యీ జవాబు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. చాకిరీ చేయించుకునేటప్పుడు వాళ్ళది మొండి ఒళ్ళు, నొప్పి తెలియదు. అదే మనిషి నొప్పని ఆస్పత్రికి పోతే, గోరంతను కొండంత చేస్తున్నాడు. ఇవి చదువురానివారి మాటలనుకోకండి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో తెల్లజాతి వైద్య విద్యార్థులను, యువ డాక్టర్లను అడిగి 2016లో ఫలితాలు ప్రకటించారు. నల్లవారి చర్మం మందమనే తరహా అబద్ధాల్లో ఒక్కటైనా నిజమని నమ్మినవారు సగం మంది.

ఎక్స్‌రే అబద్ధమాడదంటారు. కాని దాన్ని చదివే కొలబద్ద ఎవరిది? మోకాలి అరుగుదలకు నేటికీ వాడుతున్న కొలత 1957లో బ్రిటన్ డాక్టర్లు కెల్‌గ్రెన్, లారెన్స్ అక్కడి తెల్లవారిని చూసి తయారుచేసింది. నల్లవారికీ యితరులకూ నొప్పిలో వున్న తేడాలో ఆ కొలతకు అందేది నూటికి 9 వంతులే. 2021లో పరిశోధకులు అవే ఎక్స్‌రేలను, రోగి చెప్పిన నొప్పి ఆధారంగా కంప్యూటరుచేత చదివించారు. 43 వంతులు అందాయి! అంటే నొప్పి మోకాల్లోనే వుంది; చూసే కంటికి ఆనలేదు. ఆపరేషన్ ఎవరికన్నది తేల్చడంలో యీ కొలతకు పాత్ర వుంది మరి.

ఇక పని సంగతి. ఏళ్ళ తరబడి వంగి, గొంతుక్కూచుని, బరువులు మోస్తే మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతుందని నాట్లు వేసే ఆడకూలీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్రిటన్ ప్రభుత్వం 2009లో బొగ్గుగని కార్మికుల మోకాళ్ళ అరుగుదలను వృత్తివ్యాధిగా ఒప్పుకుంది కూడా. అమెరికాలో బరువు పనుల్లో నల్లవారి పాలు మొదటినుంచీ ఎక్కువ. 1938 కనీస వేతన చట్టం వ్యవసాయ కూలీలను బయటే వుంచింది. దక్షిణాదిన వారిలో నల్లవారెందరో తెలిసే వుంచింది. 1966లో గాని ఆ చట్టం పొలం దాకా రాలేదు, అదీ కొందరికే. అదనపు గంటలకు అదనపు కూలి అనే నిబంధన ఆ చట్టంలో వారికి యిప్పటికీ లేదు.

జాతి పేరు చెప్పి నడుము విరవడం నల్లవారితో ఆగలేదు. కాలిఫోర్నియా తోటల్లో మెక్సికన్ కూలీల చేత అడుగు, అడుగున్నర పిడి వున్న పారతో కలుపు తీయించేవారు. కూలీలు దానికి పెట్టిన పేరు "పొట్టిది". రోజంతా నడుం రెండుగా మడిచి వుండాల్సిందే. పంట దెబ్బతినకూడదనే ఆ పార అని యజమానుల వాదన. అసలు లాభం వేరే వుంది: ఎవడు నడుమెత్తినా మేస్త్రీకి దూరంనుంచే కనపడతాడు. మెక్సికన్లది నేలకు దగ్గరైన ఒళ్ళు, వంగడం వాళ్ళకు సులువు అన్నాడు అదే రాష్ట్రం నుంచి సెనేటరైన జార్జి మర్ఫీ. (ఆయన వంగి ఎన్ని సాళ్ళు తీశాడో!) పార ప్రమాదకరం కాదు పొమ్మంది రాష్ట్ర భద్రతా శాఖ. కూలీలు కోర్టుకెక్కారు, వెన్నెముక ఎలా చెడుతుందో డాక్టర్లు వాంగ్మూలమిచ్చారు. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూలీల పక్షం తీర్పిచ్చింది, పొట్టి పారను నిషేధించారు. పొడుగు పిడి వచ్చింది. తోటలేవీ మునిగిపోలేదు.

పింఛను దగ్గర అదే మోకాలు మళ్ళీ అడ్డొస్తుంది. 1983 చట్టం పూర్తి పింఛను వయసును 65 నుంచి 67కు క్రమంగా పెంచింది. మనుషుల ఆయుర్దాయం పెరిగిందట, యింకా పెంచాలనేవారున్నారు. 1960లోనూ ఆ తర్వాతా పుట్టిన కార్మికుడు, మోకాళ్ళు ముందే పోయి 62వ ఏటే పింఛను అడిగితే, నూటికి 30 చొప్పున బతికున్నంతకాలం కోత పడుతుంది.