అన్నయ్యతో ముచ్చట్లు: నీడ మాయమయ్యే రోజు

పిల్లలూ, ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నం పూట గడప దాటకుండా ఈ కబుర్లు చదువుకోండి.

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఆదిలాబాదు అడవి అంచున వున్న ఒక పల్లె నుంచి ఆరో తరగతి చెల్లాయి రాసింది. పేరు చెప్పవద్దన్నది, చెప్పను.

"అన్నయ్యా! మా తరగతిలో ఒక అమ్మాయి హైదరాబాదు వెళ్ళింది. ఇంకొక అమ్మాయి ఊటీ వెళ్ళింది. వాళ్ళ ఫొటోలు రోజూ మా మామయ్య ఫోనులోకి వస్తాయి. అమ్మ తెల్లవారకముందే తునికాకుకు వెళుతుంది. నేను తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లోనే వుంటాను. అందరికీ అన్నీ జరుగుతున్నాయి, నాకొక్కదానికే ఏమీ లేదు. బడి తెరిచాక 'నువ్వెక్కడికి వెళ్ళావు?' అంటే ఏం చెప్పను?"

చెల్లాయీ! ముందు నా సంగతి విను. మాది కరీంనగరు వైపు పల్లె. ఒక వేసవిలో నా నేస్తం హైదరాబాదు వెళ్ళి వచ్చాడు. వాడు చార్మినారు గురించి చెబుతూ వుంటే నాకు ఉక్రోషం వచ్చి, "నేనూ వెళ్ళానులే!" అనేశాను. "అయితే అక్కడి నది పేరేమిటి?" అన్నాడు వాడు. నాకు తెలిసిన పెద్ద నది ఒక్కటే. "గోదావరి" అన్నాను! మూసీ సంగతి నాకేం తెలుసు? ఆ నవ్వులు నెల్లాళ్ళు నన్ను వదలలేదు. ఊరు చూడలేదన్న బాధ కంటే అబద్ధమాడిన సిగ్గే ఎక్కువ కాలం మిగిలింది. అందుకని బడి తెరిచాక ఉన్నమాటే చెప్పు. అయితే చెప్పడానికి నీ దగ్గర ఒక విశేషం వుండాలి గదా? అది నేను చూపిస్తాను.

మే 19 ప్రాంతంలో ఆదిలాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కరీంనగరులో అయితే మే 13, 14 తేదీలలో. పైనా కిందా ఒకే వెడల్పు వున్న డబ్బాను చదునైన బండ మీద నిలబెట్టు. మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల వేళకు దాని నీడ దగ్గరకు ముడుచుకుని, ముడుచుకుని, మాయమవుతుంది! నీ నీడ నీ పాదాల కిందనే దాక్కుంటుంది. ఒక రోజు అటూ ఇటూ కూడా చూసి, తేడా రాసుకో.

ఎందుకిలా? భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి వున్నది. అందుచేత సూర్యుడు నడినెత్తిన వుండే చోటు ఏడాది పొడుగునా కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య అటూ ఇటూ జరుగుతూ వుంటుంది. ఆ రేఖలు దాటి రాదు. కనుక ఢిల్లీ వాళ్ళకూ, సిమ్లా వాళ్ళకూ, లండను వాళ్ళకూ ఈ వింత వాళ్ళ ఊళ్ళలో ఏనాడూ కనబడదు. ఊటీలో ఏప్రిల్ 20 ప్రాంతంలోనే అయిపోతుంది. హైదరాబాదులో మే 9 నాడు. మళ్ళీ జూలై చివర మన వైపుకు వస్తుంది గాని, అప్పుడు మబ్బులు అడ్డం పడతాయి. చూశావా, నీ నేస్తాలకు తప్పిపోయేది కూడా ఒకటి వున్నది!

జాగ్రత్త సుమా! తలకు గుడ్డ చుట్టుకో, నీళ్ళు తాగి వెళ్ళు, పెద్దవాళ్ళను తోడు పిలు, తమ్ముణ్ణి నీడనే వుంచు. సూర్యుడి వంక చూడవద్దు. రెండు నిమిషాలు చూసి ఇంట్లోకి వచ్చెయ్యి.

ఇంకొక మాట. ఫొటోలలో నవ్వు ముఖాలే వుంటాయి. బస్సులో వాంతి చేసుకున్నదీ, ఎండలో వరుసలో నిలబడి ఏడ్చినదీ ఎవరూ ఫొటో తీసి పంపరు. వాటిని సాయంత్రం ఒక్కసారి చూసి ఫోను మామయ్యకు ఇచ్చెయ్యి. "ఊటీలో చలి ఎట్లా వున్నది?" అని నేస్తాన్ని అడుగు. అడిగితే అసూయ సగం దిగుతుంది. చైత్రంలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలడం చూశావు గదా, అది ఆమెకు చెప్పు.

అయినా డబ్బా నీడ హైదరాబాదుతో సమానం కాదు. నాకు తెలుసు. ఊరు చూడాలని వుండడం తప్పు కాదు. అమ్మ ఆకు కోసి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చేది ఈ కొద్ది వారాలే. అలసి వచ్చిన వేళ కాక, అమ్మ తీరికగా కూర్చున్నప్పుడు నీ కోరిక చెప్పు. ఈ ఏడు కాకపోతే ఎప్పుడో ఇద్దరూ కలిసి ఆలోచించండి.

ఇది చదివే అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. పిల్లలు అడిగితే "మనకెందుకు?" అని కసరకండి. ఇవ్వలేకపోయినా వినండి. వాళ్ళకు ముందుగా కావలసింది అదే.

నీడ మాయమైన వేళ ఎంతో చూసి రాయి, చెల్లాయీ. నీ ఉత్తరం కోసం చూస్తూ వుంటాను.

మీ
అన్నయ్య