ఎనిమిది నిమిషాలకే ఆరిపోయే ఎర్ర లైటు

ఒక గీజర్ల కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌కు బహిరంగ లేఖ

అయ్యా,

మీ కంపెనీ పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. మీ కస్టమర్ కేర్‌లో నా నంబరు మీద నాలుగు ఫిర్యాదులున్నాయి కాబట్టి నేనెవరో మీవాళ్లకు తెలుసు. జనవరి 9న మీ దగ్గర్నుంచి నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. బయటి వ్యక్తి గీజర్ తెరిచినందువల్ల వారంటీ వర్తించదని అందులో మొదటి వాక్యం. నా ఫిర్యాదు పరిష్కారమైందని రెండోది. వారంటీ లేదు పొమ్మన్నాక ఇక పరిష్కారమైంది ఏమిటండీ?

మాది నిజాంపేట వైపు ఒక పాత అపార్ట్‌మెంటు. నాలుగేళ్ల కిందట మీ 15 లీటర్ల గీజర్ కొన్నాం. డబ్బా మీద అయిదు నక్షత్రాలు, వాటి కింద 'హార్డ్ వాటర్‌కు ప్రత్యేకం' అని పెద్ద అక్షరాలు. నేను కొన్నది ఆ రెండో మాట చూసి. నక్షత్రాలు చెప్పేది గీజర్ ఊరికే ఉన్నప్పుడు ఎంత తక్కువ వేడిని పోగొట్టుకుంటుందన్నదే గాని, నీళ్లు ఎంత బాగా కాగుతాయని కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, షాపుల్లో చెప్పేవాళ్లూ లేరు. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 540 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి మన దేశ ప్రమాణం 200 దాటకూడదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. ఇలాంటి నీళ్లున్న ఇల్లు కాబట్టే మీ గీజర్ కొన్నాను.

మా అమ్మకు 84 ఏళ్లు. ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి తలస్నానం చేసి, అయిదున్నరకల్లా గుడిలో ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో ఒకరోజు బాత్రూంలోంచి పిలిచింది, "నాయనా, నీళ్లు కాగలేదురా" అని. లైటు ఆరిపోయింది కదమ్మా, కాగాయన్నాను. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. ఆ చలిలో ఒంటి మీద పోసుకుంటే ఆ కాస్త వెచ్చదనమూ తెలియదు. మర్నాడూ అంతే. మూడో రోజుకు అమ్మకు జలుబు పట్టింది. ఆ రోజు నుంచి గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, నేనే బకెట్టు మోసుకెళ్లి పెట్టాను. నాకు 63.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణి. అందుకని ఫిర్యాదు చేసేముందు గడియారం, థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. ట్యాంకులోకి వచ్చే నీళ్లు 22 డిగ్రీలు. ఎర్ర లైటు వెలిగిన ఎనిమిది నిమిషాలకు ఆరిపోయింది. బకెట్లో నీళ్లు 36 డిగ్రీలు. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.2 కిలోజౌల్స్ కావాలి. రెండు కిలోవాట్ల కాయిల్ ఎనిమిది నిమిషాల్లో ఇచ్చేది 960. ఆ లెక్కన 15 లీటర్ల నీళ్లు పెరిగేది 15 డిగ్రీలే. 22కు 15 కలిపితే 37. థర్మామీటరు అబద్ధం చెప్పలేదు, కాయిల్ కూడా తన పని తాను చేసింది. 60 డిగ్రీలకు చేరాలంటే ఇరవై నిమిషాలు వెలగాల్సిన లైటు ఎనిమిదికే ఎందుకు ఆరింది? అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. ఈ అంకెలన్నీ మొదటి ఫిర్యాదులోనే చెప్పాను. ఫోనెత్తిన అమ్మాయి "సర్, హీటింగ్ ఇష్యూ అని రాసుకుంటాను" అంది.

మొదట వచ్చినతను వోల్టేజి తక్కువన్నాడు. మీటరు పెడితే 226 చూపించింది. పోనీ 200కు పడిపోయిందే అనుకుందాం. రెండువేల వాట్ల కాయిల్ పదిహేను వందలకు దిగుతుంది, నీళ్లు కాగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అంటే లైటు ఎక్కువసేపు వెలగాలి. తొందరగా ఆరిపోవడానికి వోల్టేజి ఎలా కారణమవుతుంది? రెండోసారి వచ్చినతను కుళాయి మిక్సర్‌లో చన్నీళ్లు కలుస్తున్నాయన్నాడు. అలా జరగడానికి వీలుంది, కాదనను. కానీ దాన్ని తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు: గీజర్‌లోకి నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి వేడి కుళాయి తిప్పితే సరి. అప్పుడూ నీళ్లు ధారగా వస్తుంటే చన్నీళ్ల లైను నుంచి దొంగదారిన వస్తున్నట్టు. అతని ఎదుటే తిప్పాను. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. అయినా మిక్సర్ మార్చుకోండని రాసి వెళ్లిపోయాడు. మూడోసారి మనిషే రాలేదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగారు, రేపు వస్తామన్నారు, చెప్పాను. సాయంత్రానికి 'నీటి నాణ్యత సమస్య, వస్తువులో లోపం లేదు' అని ఫిర్యాదు మూసేశారు.

నీటి నాణ్యత! హార్డ్ వాటర్‌కు ప్రత్యేకమని అమ్మింది మీరు కాదా? అమ్మేటప్పుడు మా నీళ్లు మీకు మార్కెట్టు, చెడిపోయినప్పుడు అవే నీళ్లు మా తప్పా?

జనవరి 4న మా వీధి మెకానిక్‌ను పిలిచాను. అతను మెయిన్ ఆపి, నీళ్లు వంచేసి, కింది మూత విప్పి, కాయిల్ బిగించి ఉండే ఫ్లాంజ్ బయటికి లాగాడు. కాయిల్ కనిపించలేదు. తెల్లటి సున్నం దిమ్మ కనిపించింది. ట్యాంకు అడుగు నుంచి మగ్గున్నర పెళ్లలు రాలాయి. ఎసరు గిన్నె అడుగున పట్టే తెలుపే అది. నీళ్లు కాగినప్పుడు వాటిలో కరిగి ఉన్న సున్నం విడివడి, వేడిగా ఉన్న చోటికే వెళ్లి అతుక్కుంటుంది. కాయిల్‌కూ థర్మోస్టాట్ గొట్టానికీ మధ్య వేలెడు సందు కూడా ఉండదు. ఆ సందంతా సున్నంతో పూడిపోయి, కాయిల్ వేడి గట్టి సున్నం గుండా నేరుగా థర్మోస్టాట్‌ను తాకుతోంది. ట్యాంకంతా కాగిందనుకుని అది కరెంటు ఆపేస్తోంది. అదండీ ఎనిమిది నిమిషాల కథ.

ఫ్లాంజ్‌కే ఇంకొకటి వేలాడుతోంది. మెగ్నీషియం రాడ్డు ఉండాల్సిన చోట చీపురుపుల్లంత తీగ. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే ఆ రాడ్డు పని, కరిగాక మార్చాలి. మాలాంటి నీళ్లకు ఏడాదికో రెండేళ్లకో తీసి చూడాలి. ఎవరు చూడాలి? ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) పేరుతో రెండేళ్లు 1,180 రూపాయల చొప్పున కట్టాను. మీ మనిషి నాలుగుసార్లు వచ్చాడు. పైన గుడ్డతో తుడిచాడు, ఫోటో తీసుకున్నాడు, ఓటీపీ అడిగాడు. ట్యాంకు ఒక్కసారైనా విప్పలేదు. రాడ్డు అనే మాట మా ఇంట్లో మొదట పలికింది ఆ వీధి మెకానిక్కే.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. రెండోసారి వచ్చినతను మెట్లు దిగుతూ నెమ్మదిగా చెప్పాడు: "ట్యాంకు విప్పితే గంటన్నర పడుతుంది సార్. మాకు రోజుకు పది కాల్స్ చూడమంటారు." ఆ పది అనే అంకె ఎవరు పెట్టారు? పదిళ్లకు వెళ్లి ఒక్క ట్యాంకూ విప్పకుండా వచ్చినవాడు మీ లెక్కల్లో మంచి పనివాడా? ఫిర్యాదు మూసెయ్యడమూ సమస్య తీర్చడమూ మీ ఆఫీసులో ఒకటేనా? మీరు విప్పరు, ఇంకొకరు విప్పితే వారంటీ పోతుందంటారు. మరి అమ్మ ఏ నీళ్లు పోసుకోవాలి?

మా చిన్నప్పుడు పొంతపొయ్యి మీద రాగి కాగు ఉండేది. నెలకోసారి అమ్మ చింతపండు పెట్టి లోపలా బయటా తోమేది. ఆ కాగుతో ఇంట్లో రెండు తరాలు స్నానం చేశాయి. దాన్ని తోమాలని అమ్మకు తెలుసు, మీ గీజర్‌ను లోపల కడగాలని మీరు మాకు చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, కడుగుతామని డబ్బు తీసుకుని కడగలేదు.

మెకానిక్ నిమ్మఉప్పు నీళ్లలో కాయిల్ నానబెట్టి గీకాడు, కొత్త రాడ్డు, కొత్త రబ్బరు వాషరు వేశాడు. 900 తీసుకున్నాడు. ఇప్పుడు ఎర్ర లైటు పంతొమ్మిది నిమిషాలు వెలుగుతోంది. అమ్మ మళ్లీ చన్నీళ్లు కలుపుకుని పోసుకుంటోంది. మీరు రద్దు చేసిన ట్యాంకు వారంటీకి ఇంకా మూడేళ్లు ఉంది.

ఈ ఉత్తరం మీదాకా వస్తుందో, మధ్యలోనే ఎవరైనా 'పరిష్కారమైంది' అని మూసేస్తారో. చదివితే మాత్రం ఒక్క పని చెయ్యండి. ఈసారి తీరిక ఉన్న మనిషిని పంపండి. మగ్గున్నర సున్నం, ఆ తీగముక్క పాలకవర్లో మూటకట్టి బాత్రూం అటక మీద ఉంచాను. చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మాస్టారు, నిజాంపేట