గూఢచారి చిత్రములును మార్కుల పట్టికయు

మా వసతిగృహపు ప్రాంగణమున ఒక వేపచెట్టు కలదు. శనివారమునాడు పెబ్బేరు సంత ముగిసి, గొఱ్ఱెలను ఎడ్లను కొన్నవారును అమ్మినవారును తమ తమ యూళ్లకు మరలిపోయిన పిమ్మట, ఆ చెట్టుక్రింద బాలుర కూటమి యొకటి చేరుచుండును. గత సంవత్సరము అచ్చట కొన్ని వారములపాటు ఒకే వాదము నడచినది. జేమ్స్ బాండ్ చిత్రములలో మొదటి స్థానము దేనికి? కడపటి స్థానము దేనికి? ఇదియే ఆ వాదము. తొమ్మిదవ తరగతి బాలురు రెండు కక్షలైరి. ఒకే బల్లపై కూర్చుండు ఇద్దరు స్నేహితులు ఎనిమిది దినములు మాటలాడుకొనలేదు. ఒకని లెక్కల పుస్తకపు కడపటి పుటలలో లెక్కలకు బదులు చిత్రముల పట్టికయే కానవచ్చినది.

ఆ పుటలను చింపివేసి, ఇక ఈ ప్రసంగము వలదని శాసింపవలెనని నాకు మొదట తోచినది. నా సహోపాధ్యాయులలో కొందఱు అట్లే సలహా యిచ్చిరి. సినిమా చూచుటయే కాలహరణము, దానినిగూర్చి తగవులాడుట అంతకంటె హీనము అని వారి మతము. వారి మాటలో నిజము లేకపోలేదు. అయినను చింపుటకు ముందు ఆ పట్టికను ఒకసారి చదివితిని. చదివిన పిమ్మట చింపుటకు నాకు చేయి రాలేదు. ఏలయనగా, ఆ బాలుడు తన చరిత్ర పరీక్షలో ఎన్నడును చూపని శ్రద్ధతో ప్రతి చిత్రమునకును సంవత్సరమును, నటుని పేరును తప్పులేకుండ వ్రాసియుండెను.

ఈ చిత్రములను ఎఱుగని పెద్దల కొఱకు కొన్ని సంగతులు చెప్పవలసియున్నది. ఇయాన్ ఫ్లెమింగ్ అను ఆంగ్ల రచయిత 1953వ సంవత్సరమున ప్రకటించిన ‘కాసినో రాయల్’ అను నవలతో ఈ గూఢచారి పాత్ర పుట్టెను. 1962లో ‘డాక్టర్ నో’ అను మొదటి చిత్రము వెలువడెను. 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’ ఆ వరుసలో 25వది. ఈ 59 సంవత్సరములలో ఆరుగురు నటులు ఆ వేషమును ధరించిరి. షాన్ కానరీ 6 చిత్రములలోను, జార్జి లేజన్‌బీ ఒక్కదానిలోను, రోజర్ మూర్ 7 చిత్రములలోను, తిమోతి డాల్టన్ రెండింటిలోను, పియర్స్ బ్రాస్నన్ నాలుగింటిలోను, డేనియల్ క్రెయిగ్ అయిదింటిలోను నటించిరి. 1983 నాటి చిత్రమొకటి మన దేశమున ఉదయపురమునందు తీయబడినది. మన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ దానిలో ఒక పాత్ర ధరించెను.

మన తెలుగువారికిని ఈ విద్య కొత్తది కాదు. ఘట్టమనేని కృష్ణగారు ‘గూఢచారి 116’లో నటించినది 1966లో. ఆ కథయే మఱుసటి సంవత్సరము హిందీలో ‘ఫర్జ్’ అను పేర జితేంద్ర కథానాయకుడుగా వెలువడినది. అటుపిమ్మట కృష్ణగారు ‘జేమ్స్ బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), ‘రహస్య గూఢచారి’ (1981), ‘గూఢచారి 117’ (1989) అను చిత్రములలో నటించిరి. ఇవి ఒక్క సంస్థవారు ఒక్క కథగా తీసిన వరుస గాదు. అయినను నటుడొక్కడే యగుటచేత అభిమానులు వానిని ఒక్క వరుసగానే ఎంచి, వానికిని స్థానములు కట్టుచు వచ్చిరి. 2022 నవంబరులో కృష్ణగారు గతించినప్పుడు మా బాలుర తాతలు ఆ పాత చిత్రములను తలచుకొనిరి. మనుమలు సెల్‌ఫోనులలో వానిని వెదకి చూచిరి. వేపచెట్టు క్రింది వాదమునకు అదియు ఒక కారణమే.

నేను ఆ కూటమిలో కూర్చుండి మూడు సాయంకాలములు వింటిని. వారి తగవునకు కారణము చిత్రములు గావనియు, వాదించు పద్ధతి యనియు అప్పుడు తెలిసినది.

మొదటి లోపము లెక్కలోనే యున్నది. ఒకని పట్టికలో 25 చిత్రములు, మఱియొకని పట్టికలో 27. ఏలయనగా, 1967లో ఒకటియు 1983లో ఒకటియు వేఱు నిర్మాతలు తీసిన బాండ్ చిత్రములు కలవు. రెండవదానిలో కానరీయే నటించెను. వానిని చేర్చవలెనా వలదా యని ముందుగా నిర్ణయించుకొనక, స్థానములను గూర్చి పోరాడుచుండిరి. రెండవది, కొలత యేదో తేల్చుకొనలేదు. ఒకడు పరుగులను పోరాటములను చూచి స్థానమిచ్చును. ఒకడు కథను చూచును. ఒకడు నటుని ముఖమునే చూచును. గజముతో పొడవును కొలిచినవాడును, తక్కెడతో బరువును తూచినవాడును తగవులాడినట్లున్నది. మూడవది మిక్కిలి సిగ్గుపడదగినది. పట్టికలోని చిత్రములలో సగమునైనను చూచినవారు నలుగురే. తక్కినవారు చూడని చిత్రములకును నిర్భయముగా కడపటి స్థానములను పంచిపెట్టిరి.

అందుచేత నేను వారికొక పని పెట్టితిని. ఎవడు ఏ చిత్రమును కడపట నుంచెనో, వాడు దానిని మరల చూచి, దాని పక్షమున ఒక పుట వ్రాయవలెను. దూషణ యొక్కటియు ఉండరాదు.

వారు తెచ్చిన పుటలలో ఒకటి నన్ను మేల్కొలిపినది. అది మా తరగతిలో 41 మందిలో 39వ స్థానమున నున్న బాలునిది. వాడు కడపట నుంచినది 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ అను చిత్రము. లేజన్‌బీ నటించిన ఒక్క చిత్రమదియే. వాని పుటలో అక్షరదోషములు పెక్కు. భావము మాత్రము ఇది: మేము కొత్తవాని ముఖములో పాతవానిని వెదకితిమి, కానరాకపోవుటచేత కొత్తవానికి ఏమియు రాదంటిమి, వాడేమి చేసెనో చూడలేదు. ఆ కథ చివర గూఢచారి పెండ్లియాడిన భార్య, పెండ్లినాడే చంపబడును. అంతటి వీరుడును ఆమె తలను ఒడిలో నుంచుకొని దుఃఖించును. దుఃఖించినవాడు బలహీనుడు కాడని ఆ బాలుడు వ్రాసెను. అటుపిమ్మట ఆ చిత్రమును 25వ స్థానమునుండి 4వ స్థానమునకు తెచ్చి, తెచ్చుటకు గల కారణములను వరుసగా చెప్పెను. చాలకాలము చిన్నచూపునకు గుఱియైన ఆ చిత్రమును పిమ్మటి కాలమున పలువురు విమర్శకులును మేలైనవానిలో చేర్చిరని ఆ బాలుడెఱుగడు. వాడు తన కన్నులతో చూచి తెలిసికొనెను.

ఆ మఱుసటి శనివారమే సంతలో ఆ బాలుని తండ్రి నాకు ఎదురుపడెను. ఆయన గొఱ్ఱెల కాపరి. నమస్కరించి యిట్లనెను: “సారూ, నలబై ఒక్కమందిల మావోడు ముప్పై తొమ్మిదోడట. ఇగ సదువెందుకు వానికి? ఈ యేటితోటి బందు పెట్టి గొర్లకాడికి తోల్కపోత.”

నేను బదులు చెప్పలేకపోతిని. ఏలయనగా, ఆ 39 అను అంకెను గోడపై అంటించినవాడను నేనే. బాలురు చూడని చిత్రమునకు కారణము చెప్పక స్థానము కట్టిరని గద్దించితిని గదా! నేను చేసినది మాత్రమేమి? ఆఱు పరీక్షల మార్కులను కూడి, ఒక అంకె వేసి, దాని ప్రక్క ఒక్క వాక్యమైనను వ్రాయక ఆ తండ్రికి పంపితిని. ఆ బాలునికి అక్షరదోషములు కలవు, లెక్కలలో వెనుకబాటు కలదు. ఇవి నిజములే, దాచిపెట్టదగినవి గావు. కాని చూచినదానిని సరిగా చూచి, తన తీర్పును తానే దిద్దుకొని, కారణము చెప్పగల శక్తి మొదటి స్థానమువానికంటె వానికి హెచ్చుగా కలదు. అది నా పట్టికలో ఏ గడిలోను లేదు. తండ్రి ఆ అంకెను నమ్మెను, నమ్మినవానిది తప్పుగాదు.

మన గ్రంథమునందు గూఢచారుల కథ యొకటి కలదు. మోషే కనాను దేశమును వేగు చూచుటకు పండ్రెండుగురిని పంపెను. వారందఱును ఒకే దేశమున నలువది దినములు తిరిగిరి. ఒకే ద్రాక్షగెలను మోసికొని వచ్చిరి. పదుగురు ఆ దేశము మనకు సాధ్యము గాదనిరి. యెహోషువయు కాలేబును మాత్రమే సాధ్యమనిరి. సంఖ్యను చూచినచో పదుగురి మాటయే గెలువవలెను. జనులు వారి మాటయే నమ్మిరి. దాని ఫలముగా నలువది యేండ్లు అరణ్యమున తిరిగిరి. పెక్కుమంది చెప్పిరనుటచేత తీర్పు నిజము గాదని ఈ కథ నేర్పుచున్నది. మఱియొక సంగతి. ప్రభువు శిష్యులును తమలో ఎవడు గొప్పవాడని త్రోవలో వాదించుకొనిరి. దేనినిగూర్చి వాదించుచుంటిరని ఆయన యడిగినప్పుడు వారు ఊరకుండిరి. స్థానములు కట్టువారు కారణము చెప్పవలసివచ్చినప్పుడు ఊరకుండుట నాటినుండియు కలదు.

ఇంత చెప్పితినని ఈ చిత్రములన్నియు పిల్లలకు మేలైనవని నా మతము గాదు. వానిలో కొన్నింటియందు స్త్రీని అలంకారముగా మాత్రమే చూపుట, ప్రాణము తీసి పరిహాసమాడుట, మద్యపానమును గొప్పగా ఎంచుట కలవు. చూడదగిన వయస్సునుగూర్చి తలిదండ్రులు జాగరూకులై యుండవలెను. కాని దీనికి మందు పుటలను చింపుట గాదు. స్థానము కట్టునప్పుడు ఈ గుణదోషములను గూడ కొలతలో చేర్చుమని బాలురకు చెప్పితిని. చేర్చిన పిమ్మట వారి పట్టికలలో కొన్ని చిత్రములు తమంతట తామే క్రిందికి దిగినవి. నేను నిషేధించియున్నచో అవి చాటుగా పైననే యుండెడివి.

కావున విద్యార్థులారా, వాదింపుడు. కాని ముందుగా లెక్కను తేల్చుకొనుడు, కొలతను చెప్పుడు, చూడనిదానికి తీర్పు చెప్పకుడు. ఎదుటివాని మేటి చిత్రమును ఒకసారి వాని కన్నులతో చూడుడు. అభిమాన నటుని కొఱకు స్నేహితుని పోగొట్టుకొనకుడు. ఆ నటుడు మీ బల్లపై మీ ప్రక్కన కూర్చుండబోడు.

తలిదండ్రులారా, మార్కుల పట్టిక మీ చేతికి వచ్చినప్పుడు అంకెను చూచి ఆగిపోక, పాఠశాలకు వచ్చి కారణమడుగుడు. అడుగు హక్కు మీకు కలదు. చెప్పు బాధ్యత మాకు కలదు.

సహోపాధ్యాయులకు నా మనవి యొక్కటే. ఈ యర్ధసంవత్సర పరీక్షనుండి నేను ప్రతి విద్యార్థి స్థానము ప్రక్కను రెండు వాక్యములు వ్రాయుచున్నాను: ఒకటి వాని లోపమును గూర్చి, ఒకటి వాని శక్తిని గూర్చి. 41 మందికి వ్రాయుటకు నాకు రెండు రాత్రులు పట్టినది. అంతకంటె ఎక్కువ శ్రమ లేదు.

ఆ గొఱ్ఱెల కాపరి ఇంటికి పోయి, ఆయన కుమారుని పుటను నేను చదివి వినిపించితిని. ఆయన చిత్రమును ఎఱుగడు, దాని పేరును పలుకలేడు. అయినను తుదివరకు విని, “ఇది మావోడే రాసిండా?” అని రెండు సార్లు అడిగెను. పదవ తరగతి ముగియువరకు బాలుని బడి మాన్పింపనని మాట యిచ్చెను. అటుపిమ్మట ఏమగునో నేను చెప్పజాలను. ఇప్పుడు ఆ బాలుడు ప్రతి సాయంకాలమును అక్షరదోషములు దిద్దుకొనుటకు నాయొద్దకు వచ్చుచున్నాడు. వేపచెట్టు క్రింద వాదము నేటికిని ముగియలేదు.