కూలిన విమానానికి నివేదిక, పడిన బైకుకు ఎఫ్ఐఆర్

చిన్న విమానం నడపడంలో ముప్పు ఎక్కువా, మోటారు సైకిల్ నడపడంలో ఎక్కువా అన్న ప్రశ్న అమెరికా పైలట్ల మధ్య చాలాకాలంగా నలుగుతున్నదే గానీ, దాని జవాబు ఏ కొలబద్దతో కొలిచారన్న దాన్నిబట్టి మారిపోతుంది. వేళల పట్టిక ప్రకారం తిరిగే విమాన సర్వీసులను, సైనిక విమానాలను మినహాయిస్తే మిగిలే చిన్న విమానాలు, హెలికాప్టర్ల రాకపోకలన్నింటినీ కలిపి సాధారణ విమానయానం అంటారు. ఆ దేశంలో ఈ తరగతి విమానాలు లక్ష గంటలు ఎగిరితే సుమారుగా ఒక ప్రాణాంతక ప్రమాదం జరుగుతున్నది. మోటారు సైకిళ్ల విషయానికొస్తే, 2022లో అవి తిరిగిన ప్రతి 10 కోట్ల మైళ్లకు 26 మంది మరణించారు. బైకు సగటున గంటకు 35 మైళ్లు పోతుందనుకుంటే అంత దూరానికి 28 లక్షల గంటలకు పైగా పడుతుంది కాబట్టి, లక్ష గంటలకు మరణాలు ఒకటికి కాస్త తక్కువగా తేలతాయి. విమానం కూలినప్పుడు తరచు ఒకరికి మించి చనిపోతారు కాబట్టి గంటల లెక్కలో బైకు కొంత నయమనిపిస్తుంది. చిన్న విమానం అదే గంటలో 120 మైళ్లు దాటగలదు కాబట్టి మైళ్ల లెక్కలో విమానానిదే పైచేయి అవుతుంది. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు.

అయితే ఈ పోలికంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది. రెండూ మనిషి ఇష్టపడి ఎంచుకున్న వ్యాపకాలేనన్నది ఆ ఊహ. నెల్లూరు తీరంలోని తోటపల్లి గూడూరు మండలంలో అది నిలవదు. జిల్లాకు దగదర్తి దగ్గర తలపెట్టిన విమానాశ్రయమే ఇంకా రూపు దాల్చని స్థితిలో అక్కడ సొంత విమానం ఊసు వచ్చే అవకాశం లేదు. బైకు సంగతి అలా కాదు: రొయ్యల గుంటకు మేత బస్తా మోసేదీ, అర్ధరాత్రి నీటికి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోతే కాపలాదారును గట్టు మీదికి చేర్చేదీ, జబ్బు మనిషిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయేదీ అదే. బస్సు అందుబాటులో లేని వేళ బయలుదేరక తప్పని మనిషిని సాహసి అనడం సరికాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవారు 50,029 మంది. ఆ శాఖ వార్షిక నివేదిక మరణాలను లక్ష జనాభాకు ఎన్ని, పది వేల వాహనాలకు ఎన్ని అని చెబుతుంది గానీ, వాహనాలు తిరిగిన దూరంతో భాగించి చెప్పదు. వాహనాల సంఖ్యతో భాగిస్తే ఇంటి ముందు తుప్పు పడుతున్న బండికీ, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండికీ ఒకే విలువ దక్కుతుంది. ఆ లెక్క రికార్డు పుస్తకానికి పనికొస్తుందేమో గానీ, బండి మీద బతికేవాడి ముప్పు ఎంతో చెప్పదు.

ముప్పు ఎవరి చేతిలో ఉందన్నది అంతకంటే ముఖ్యమైన తేడా. చిన్న విమానాల ప్రమాదాల్లో సుమారు నాలుగింట మూడు వంతులకు పైలట్ నిర్ణయమో, చేతి పొరపాటో కారణమవుతున్నది. మబ్బులోకి చొచ్చుకుపోవడం, తక్కువ ఎత్తులో వేగం తగ్గించి మలుపు తిప్పడం, ఇంధనం చూసుకోకపోవడం వాటిలో ప్రధానమైనవి. వాతావరణం బాగోలేదని తోస్తే ఎగరకుండా ఉండే స్వేచ్ఛ పైలట్‌కు ఉంది. మోటారు సైకిల్ సంగతి వేరు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను సంఘటన స్థలంలోనే పరిశీలించి 1981లో వెలువరించిన హర్ట్ నివేదిక, నాలుగింట మూడు ప్రమాదాల్లో బైకు మరో వాహనాన్ని ఢీకొన్నదనీ, అలాంటి వాటిలో మూడింట రెండు వంతులు బైకుకు దారి ఇవ్వని అవతలి డ్రైవరు తప్పేననీ తేల్చింది. వరి కోతల కాలంలో సగం రోడ్డును ఆక్రమించే వడ్ల ఆరబోత, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, కృష్ణపట్నం రేవుకు పోయే లారీ, సున్నం గీతైనా లేని స్పీడ్ బ్రేకరు తీర ప్రాంతపు రోడ్ల మీద ఆ లెక్కకు తోడవుతాయి. వీటి ముందు నడిపేవాడి నేర్పు కొంతవరకే అక్కరకొస్తుంది.

నేర్పుకు మించినది మరొకటుంది: ఎలాగైనా వేళకు చేరాలన్న ఒత్తిడి. తెలుగువారు చిన్న విమానాల్లో, హెలికాప్టర్లలో పోగొట్టుకున్న ప్రముఖుల ప్రయాణాలు తరచు సభల కోసం, ప్రచారం కోసం సాగినవే. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి వస్తూ కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరగా, బెంగళూరు జక్కూరు నుంచి లేచిన చిన్న సెస్నా విమానం కొద్ది క్షణాల్లోనే నేలకూలింది. 2009 సెప్టెంబరు 2న చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి, అందులోని అయిదుగురూ మరణించారు.

ఈ చివరి ఘటనపై ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని కమిటీ విచారణ జరిపి, క్యుములోనింబస్ మేఘాల్లో, అంటే నిలువుగా పెరిగే ఉరుముల మేఘాల్లో, బలంగా కిందికి దిగే గాలికి చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పిందని నిర్ధారించింది. విమాన ప్రమాద విచారణ ఉద్దేశం ఇకముందు ప్రమాదాలను నివారించడమే తప్ప నిందితుణ్ణి తేల్చడం కాదన్నది అంతర్జాతీయ నియమం. భారతదేశంలో 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో ఆ నియమానికే కట్టుబడింది. నల్లమలలో మరణించినది ముఖ్యమంత్రి కాబట్టి అంత విచారణ జరిగిందన్న ఆక్షేపణ నిలవదు, ఎందుకంటే శిక్షణ విమానం కూలి ఒక్క విద్యార్థి చనిపోయినా నివేదిక రావలసిందే.

బైకు పడితే వచ్చేది ఎఫ్ఐఆర్. అందులో అడిగే ప్రశ్న ఒక్కటే, తప్పెవరిదని. ఎక్కువ సందర్భాల్లో జవాబు అతివేగం, అజాగ్రత్త అన్న రెండు మాటల్లో ముగుస్తుంది. 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో పడడానికి రోడ్ల మీది నిజమైన వేగం ఎంత కారణమో, ఫారం నింపే అలవాటు కూడా అంతే కారణం కావచ్చు. 2021 సెప్టెంబరు 10న నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు హైదరాబాద్‌లో రోడ్డు మీది ఇసుకపై జారినప్పుడు ఆయన ప్రాణం హెల్మెట్ వల్ల దక్కింది. పోలీసులు ఆయనపైనే నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసు నమోదు చేశారు. ఆ ఇసుక రోడ్డు మీదికి ఎలా వచ్చిందన్న ప్రశ్నను విమాన దర్యాప్తు అయితే మొదటి పుటలోనే వేసి ఉండేది.

ఐఐటీ మద్రాసు రూపొందించిన సమీకృత రోడ్డు ప్రమాదాల డేటాబేస్ ఇటీవలి సంవత్సరాల్లో పోలీసు స్టేషన్ల చేతికి వచ్చింది. ప్రమాద స్థలం, ఫొటోలు, రోడ్డు వివరాలు అందులోకి ఎక్కుతున్నాయి. అయితే వివరాలు ఎక్కించడం దర్యాప్తులో తొలి మెట్టు మాత్రమే. రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) ఇంజనీరు, రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు, డాక్టరు కలిసి మండలంలోని ప్రతి ప్రాణాంతక బైకు ప్రమాదంపై నేరారోపణతో సంబంధం లేని చిన్న నివేదికను రాసి పంచాయతీకి అందజేయడానికి కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. రోడ్డు డిజైన్‌లో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణనష్టానికి కారణమైన అధికార సంస్థకైనా, కాంట్రాక్టరుకైనా లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఎ సెక్షన్ చెబుతున్నది. ఆ సెక్షన్‌ను ప్రయోగించాలంటే గుంత లోతు, వంపు కోణం, లైటు లేని స్తంభం గురించి ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి ఉండాలి. ఎఫ్ఐఆర్ ఫారంలో వాటికి చోటు లేదు.