మొగముమీది మచ్చ

గడచిన సంవత్సరము మా పాఠశాలలోని బాలిక యొకతె రెండు వారములు తరగతికి రాలేదు. పిమ్మట తల్లితోగూడ వచ్చినప్పుడు ఆమె మొగమంతయు ఎఱ్ఱగా కందియుండెను. పేరు చెప్పము, తల్లి యనుమతితోనే వ్రాయుచున్నాము. మొటిమల మచ్చలు పోవునని యెవరో చెప్పగా, మందుల యంగడిలో కొన్న లేపనమును మూడు మాసములు పూసికొనెనట. అందు స్టెరాయిడు కలదు. మొదట చర్మము తెలుపెక్కినట్లు తోచును, రానురాను పలుచనై, మొటిమలు మఱింత లేచును, మానినచో మంట. ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వము శాసించినను, ఆమెను చీటి యడిగినవారు లేరు.

మొగమునకు శస్త్రము కూడదని మేమనము. ఆ విద్య మన దేశమునకు ప్రాతదే. తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో సరిచేయు విధము సుశ్రుతసంహితలో కలదు. టిప్పు సుల్తాను సేనకు చిక్కి ముక్కు కోల్పోయిన కావస్జీ యను బండివానికి నుదుటి చర్మముతో క్రొత్త ముక్కు నమర్చిన వృత్తాంతము 1794లో లండను పత్రికయందు అచ్చుపడెను. గ్రహణపు మొఱ్ఱితో పుట్టిన శిశువునకు, కాలిన గాయముచే కనురెప్ప మూతపడనివానికి చికిత్స చేయింపకుండుటయే తప్పు. పుట్టుమచ్చ పెరుగుచున్నను, రంగు మాఱుచున్నను వైద్యునికి చూపవలెను.

కాని యే బాధయు పెట్టని మచ్చ మాట వేఱు. లేజరుతో దానిని తీసినచోట మన చామనచాయ చర్మమున క్రొత్త నలుపు మిగులుటయు కలదు. ముడుతలకు వేయు బొటాక్సు సూదిమందు గుణము మూడు నాలుగు మాసములకే తీరిపోవును. మరల సూది, మరల రొక్కము.

మచ్చను చూచి రెండు మూడు సంబంధములు తప్పిపోయిన కన్య చికిత్స కోరినచో, ఆమెను నిందించుటకు మాకు నోరు రాదు. పెండ్లిచూపులకు వచ్చి ఫలహారము తిని, మొగమున వంకలెన్ని పోయినవారినే నిందింతుము. అయినను పదునైదేండ్ల పిల్ల విషయమున తొందర యేల? మొటిమలు వయసుతో చాలవఱకు తగ్గును. తగ్గనిచో చర్మవైద్యుడు కలడు. ఈ బాలికను మెల్లగా నడుగగా, ఒక పెండ్లిలో పెద్దమ్మ పదిమంది యెదుట ఆడిన మాట బయటపడెను. ఆ లేపనమును కొనిపించినది ఆ మాటయే. తలిదండ్రులారా, మీ యింటి చుట్టములను మేము మందలింపజాలము, మీరు మందలింపవచ్చును.

మా ముక్కుమీదను చిన్ననాటి ఆటలమ్మ గుంట యొకటి కలదు. బాలురు దానికొక పేరు పెట్టిరనియు ఎఱుగుదుము. ఈ యేటి చిత్రము తీసిన ఛాయాగ్రాహకుడు, మొగములమీది మచ్చలన్నియు తుడిచి పంపుదునా యని యడిగెను. ఉన్నవి ఉన్నట్లే యుంచుమంటిమి. ఉపాధ్యాయుల వరుసలో మా గుంటయు చక్కగానే పడినది.