తుంగ... తొట్టి దాటితే బెంగ!

తుంగ పేరు చెబితే చాలు, గూడూరు, ఎమ్మిగనూరు వైపు రైతులు మొహం చిట్లిస్తారు. ఉల్లి మడిలోనో వేరుశనగ చేలోనో అది పడిందంటే కలుపు కూలి ఖర్చు తడిసి మోపెడే. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. ఒక గడ్డకు ఇంకో గడ్డ గొలుసులా ఉంటుంది కాబట్టి తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది. ప్రపంచంలోని మొండి కలుపు మొక్కల మీద 1977లో వచ్చిన ఓ పుస్తకం దీన్నే మొదటి స్థానంలో కూర్చోబెట్టింది.

మరి దాన్ని ఇంట్లో పెంచడమేంటి అంటారా? తుంగ అంటే ఒకటే మొక్క కాదు మరి. పొలాల్ని పీడించేది తుంగముస్తలు. దాని గడ్డల్నే ఎండబెట్టి సున్నిపిండిలో కలుపుతారు. చెరువుల్లో, కాలువల పక్కన పొడుగ్గా పెరిగేది చాపల తుంగ. తమిళనాడులోని పత్తమడై చాపలు అల్లేది ఈ కుటుంబపు కాడలతోనే. పూర్వం ఈజిప్టు వాళ్లు రాసుకున్న పాపిరస్ కూడా వీటికి చుట్టమే! కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి... గడ్డి అయితే గుండ్రంగా ఉంటుంది, తుంగ అయితే చాలావరకు మూడు పలకలు తగులుతాయి.

పెరట్లో పెంచడానికి ఈ పొడుగు రకమే మేలు. తుంగభద్ర పక్కనే ఉన్నా ఎండాకాలంలో బిందె నీళ్లకు వెతుక్కునే ప్రాంతంలో తడి మొక్క కోసం మంచినీళ్లు పొయ్యడం తప్పే. కూరగాయలు కడిగిన నీళ్లు, కుళాయి కింద కారిపోయే నీళ్లు దానికి చాలు. సబ్బు నురగ, ఉప్పునీళ్లు మాత్రం వద్దు.

అడుగున చిల్లు లేని సిమెంటు తొట్టి తీసుకుని చెరువు మట్టి నింపండి. నల్లరేగడి అయినా ఫర్వాలేదు, ఎండనివ్వకపోతే బీటలు వారదు. వానలు మొదలయ్యాక వేరుదుంపతో ఉన్న పిలకను నాటి, ఎండ తగిలేచోట పెట్టండి. మట్టి ఎప్పుడూ బురదగా ఉండాలి గానీ పైన నీళ్లు నిలవకూడదు. నిలిచాయా, డెంగీ దోమను ఇంటికి పిలిచినట్టే! వానాకాలంలో తొట్టిని వంచి నీళ్లు పారబోయడం మర్చిపోవద్దు.

గుబురు ఒత్తుగా అయినప్పుడు విడదీసి సగం ఇంకో తొట్టిలోకి మార్చుకోవచ్చు. ఎండిన కాడల్ని మొదలంటా కోసేయాలి. మిగిలిన వేరుముక్కల్ని మాత్రం పెంటకుప్పలో వేయకండి. ఆ ఎరువు రేపు పొలానికే వెళ్తుంది. బండమీద బాగా ఎండబెట్టి కాల్చేయడమే మంచిది.